రాజోలు లంకల వరద మ్యాప్ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఫోన్‌లో ఆగిపోతోంది. గ్రాఫిక్స్ తెలిసినవాళ్ళు సాయం చేయండి

లంకవాసి (శనివారం, రాత్రి 9:12)

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా చుట్టుపక్కల లంకలకి త్రీడీ మ్యాప్ చేస్తున్నాను. ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఏ వీధి దాకా నీళ్ళొస్తాయో స్లైడర్ జరిపి చూసుకోవచ్చు.

10 లక్షలకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది అని టీవీలో చెప్తే మా ఊరి పెద్దవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. వాళ్ళు 1986 వరద చూసినవాళ్ళు. నా వయసు వాళ్ళకి ఆ అంకె వింటే ఏ గట్టు మునుగుతుందో తెలీదు. 2022 జూలైలో మా ఇంట్లో సామాను అటకెక్కించడం మొదలుపెట్టేసరికే గుమ్మంలోకి నీళ్ళొచ్చేశాయి. అందుకే ఈ పని మీద ఇంత పట్టుదల.

బ్రౌజర్లో నడిచేలా త్రీ.జెఎస్ అనే త్రీడీ లైబ్రరీతో రాశాను. 6,200 కొబ్బరి చెట్లు, 900 ఇళ్ళు, 300 వరకు ఊళ్ళ పేర్లు, వీధుల పేర్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో సెకనుకి 60 ఫ్రేములు వస్తున్నాయి. మా అమ్మ ఫోన్‌లో 9 మాత్రమే వస్తున్నాయి. స్లైడర్ జరిపితే నీళ్ళు కాసేపటికి కదులుతాయి. వరద రోజు దీన్ని చూసేది అలాంటి ఫోన్లలోనే కదా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మండపేట_ప్లేయర్ (శనివారం, రాత్రి 9:30)

బ్రో, ఆ రేటు ఫోన్లలో జీపీయూ (బొమ్మలు గీసే చిప్) బాగా చిన్నది. 6,200 చెట్లు లాగడం కష్టం. చెట్లు తగ్గించెయ్. వెయ్యి పెట్టినా కోనసీమలాగే కనిపిస్తుంది.

లంకవాసి (శనివారం, రాత్రి 9:41)

తగ్గించొచ్చన్నా. కానీ చెట్ల వరసల్ని బట్టే మా ఊరివాళ్ళు తమ తోట గుర్తుపడుతున్నారు. అవి తీసేస్తే మ్యాప్ ఎవరికీ సొంతంగా అనిపించదు.

వశిష్ఠ_గట్టు (శనివారం, రాత్రి 11:05)

తమ్ముడూ, చెట్లు తీయొద్దు. ముందు తప్పు ఎక్కడుందో చూద్దాం. మాది నరసాపురం వైపు. పన్నెండేళ్ళుగా గ్రాఫిక్స్ డ్రైవర్ల మీదే, అంటే జీపీయూకి ఆదేశాలు అందించే సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తున్నాను.

ఒక చిన్న పరీక్ష చెయ్. బొమ్మ గీసే రిజల్యూషన్ పొడవులో సగం, వెడల్పులో సగం చెయ్. పిక్సెళ్ళు నాలుగో వంతుకి వస్తాయి. అప్పుడు వేగం బాగా పెరిగితే జీపీయూ రంగులు వేయలేక అలసిపోతున్నట్టు. పెరగకపోతే జీపీయూ ఖాళీగా కూర్చుని పని కోసం ఎదురుచూస్తున్నట్టు. ఇంకొకటి, త్రీ.జెఎస్ రెండరర్ ఇన్ఫోలో ఒక్కో ఫ్రేముకి ఎన్ని కాల్స్ (గీయమనే ఆదేశాలు) వెళ్తున్నాయో చూసి చెప్పు.

లంకవాసి (ఆదివారం, ఉదయం 6:50)

చేశానన్నా. పిక్సెళ్ళు నాలుగో వంతు చేసినా 9 కాస్తా 10 అయింది, అంతే. కాల్స్ 7,400.

వశిష్ఠ_గట్టు (ఆదివారం, ఉదయం 8:20)

అదిగో, దొరికింది. జీపీయూ చిన్నదే కావచ్చు, కానీ ఇక్కడ దాని తప్పేం లేదు. దానికి పని అందించే దారిలో ఉంది ఆలస్యం.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కావు కదా. అవతల నరసాపురానికి ఆరువేల కొబ్బరికాయలు చేర్చాలి. కాయకొక ట్రిప్పు వేస్తే పంటు ఎంత పెద్దదైనా, ఇంజన్ ఎంత బలమైనదైనా సాయంత్రానికి పని కాదు. తాడు విప్పడం, కట్టడం, టికెట్టు చూడటం, వీటికే రోజంతా పోతుంది. నీ ప్రోగ్రామ్ చేస్తున్నది సరిగ్గా ఇదే. ఒక్కో చెట్టుకీ విడిగా "ఇది గీయి" అని ఆదేశం పంపుతోంది. దాన్నే డ్రా కాల్ అంటాం.

ఆ ఆదేశం ఎలా వెళ్తుందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతావన్నీ నీకే తోస్తాయి. సీపీయూ, అంటే ప్రోగ్రామ్ నడిపే అసలు ప్రాసెసర్, జీపీయూ దగ్గరికెళ్ళి చెవిలో చెప్పదు. మెమరీలో కొంత జాగా ఉంటుంది, దాన్ని రింగ్ బఫర్ అంటారు. చివరికి రాగానే మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటూ పోవడమే. డ్రైవర్ అందులో ఆదేశాలు వరసగా రాస్తుంది. "ఇక్కడిదాకా రాశాను" అనే గుర్తుని ముందుకి జరిపి, జీపీయూలోని ఒక రిజిస్టరులో అంకె వేస్తుంది. మేం దాన్ని డోర్‌బెల్ అంటాం. జీపీయూ గుమ్మంలో కమాండ్ ప్రాసెసర్ అనే చిన్న భాగం ఉంటుంది. కాలవల మీద లస్కర్ ఎలాగో అది అలాగ. ఇంజనీరు రాసిన ఆర్డరు చదివి ఏ తూము ఎంత ఎత్తాలో చూసి ఎత్తుతుంది, "ఇక్కడిదాకా చదివాను" అనే తన గుర్తుని జరుపుతుంది. రాసే గుర్తు, చదివే గుర్తు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. జాగా నిండిపోతే రాసేవాడు ఆగాలి. రాయడం ఆలస్యమైతే చదివేవాడు ఖాళీగా ఉంటాడు. నీ దగ్గర జరుగుతున్నది రెండోది.

రాయడం ఎందుకు ఆలస్యం? ప్రతి కాల్‌కీ డ్రైవర్ చాలా చూడాలి. ఈ బఫర్ ఉందా, ఈ టెక్స్చర్ (ఆకారం మీద అతికించే బొమ్మ) సైజు సరిపోయిందా, షేడర్ (రంగులు లెక్కేసే చిన్న ప్రోగ్రామ్) మారిందా అని. పైగా నీది బ్రౌజర్. క్రోమ్‌లో వెబ్ పేజీని నేరుగా జీపీయూ ముట్టుకోనివ్వరు. పేజీ నడిచే ప్రాసెస్ ఆదేశాల్ని షేర్డ్ మెమరీలో రాస్తుంది. జీపీయూ ప్రాసెస్ అనే వేరొకటి వాటిని తీసి, మళ్ళీ తనిఖీ చేసి, అప్పుడు డ్రైవర్‌కి ఇస్తుంది. అంటే రెండు చెక్‌పోస్టులు. 7,400 సార్లు.

మందు ఒకటే. చెట్టు ఆకారం ఒకసారి ఇచ్చి, 6,200 చోట్ల జాబితా పక్కన పెట్టి, ఒక్క ఆదేశం పంపు. దీన్ని ఇన్‌స్టాన్సింగ్ అంటారు. ఫోన్లలో గ్రాఫిక్స్‌కి వాడే ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0 నుంచి, బ్రౌజర్లో వాడే వెబ్‌జీఎల్ 2 నుంచి ఇది మామూలు సదుపాయమే. త్రీ.జెఎస్‌లో ఇన్‌స్టాన్స్‌డ్ మెష్ అని ఉంటుంది, వెతుకు.

రాజమండ్రి_మాస్టారు (ఆదివారం, ఉదయం 10:15)

వశిష్ఠ గారూ, లస్కర్ పోలిక చాలా బాగుందండి. ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి వెనకటి సంగతి కొంచెం రాస్తాను. లంకవాసీ, నీ ప్రాజెక్టు రిపోర్టుకి కూడా పనికొస్తుంది బాబూ.

ఈ రంగంలో గొప్ప ఆవిష్కరణలు చాలావరకు "తక్కువ పనితో అదే బొమ్మ ఎలా?" అన్న ప్రశ్న నుంచి పుట్టినవే. 1962లో ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ గీత గీసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. 1965లో అది అచ్చయింది. ఏటవాలు గీతలో తర్వాతి చుక్క పక్కన పెట్టాలా, ఒక మెట్టు ఎక్కి పెట్టాలా అన్నదే సమస్య. దానికి భాగహారం, దశాంశాలు అక్కర్లేదని చూపించాడు. నేను క్లాసులో పిల్లల్ని గళ్ళ కాగితం తీయమనేవాణ్ణి. (0,0) నుంచి (8,3)కి గీత. మొదటి అంకె -2. అంకె సున్నా దాటకపోతే 6 కలుపు, అదే వరసలో ఉండు. దాటితే ఒక మెట్టు ఎక్కు, 10 తీసెయ్. -2, 4, -6, 0, 6, -4, 2, -8, -2. అంతే, గీత సరిగ్గా (8,3) దగ్గర ఆగుతుంది. ఎన్నిసార్లు చేయించినా, ఆఖరి చుక్క అక్కడ పడగానే ఎవరో ఒకరు "అరె" అనేవారు. ఆ "అరె" కోసమే నేను ఆ పాఠం చెప్పేవాణ్ణి.

తర్వాత 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ క్యాట్మల్ తన సిద్ధాంత గ్రంథంలో జెడ్-బఫర్ రాశాడు. అదే ఏడు జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ కూడా విడిగా అదే ఆలోచన చేశాడు. ఏ వస్తువు ముందుంది, ఏది వెనకుంది అని వస్తువులన్నిటినీ వరసలో పేర్చే గొడవ లేకుండా, ఒక్కో పిక్సెల్‌కీ "ఇప్పటిదాకా దగ్గరగా వచ్చింది ఎంత దూరంలో ఉంది" అన్న అంకె దాచుకోవడమే ఆ పద్ధతి. 512 × 512 తెరకి, పిక్సెల్‌కి 16 బిట్లు వేసుకుంటే, ఆ అంకెలకే 512 కిలోబైట్లు కావాలి. ఆనాడు అది మామూలు ఖర్చు కాదు. ఇవాళ నీ తల్లిగారి ఫోన్‌లో ప్రతి చెట్టూ దాని మీదే ఆధారపడి ఉంది. అదే యూటాలో చదివిన బుయి తుయోంగ్ ఫాంగ్, హనోయ్‌లో పుట్టినవాడు, మెరుపు కనిపించేలా వెలుగునీడల లెక్క 1973లో ఇచ్చాడు. 1975లోనే చిన్న వయసులో చనిపోయాడు. ఆ పేరు చెప్పకుండా నేను ఏ ఏడూ సిలబస్ ముగించలేదు.

ఇక ఆదేశాల సంగతి. 1968లో మయర్, ఐవాన్ సదర్లాండ్ అనే ఇద్దరు డిస్‌ప్లే ప్రాసెసర్ల మీద ఒక వ్యాసం రాశారు. ముందు సీపీయూయే బొమ్మ గీస్తుంది. భారం అవుతోందని పక్కన చిన్న ప్రాసెసర్ పెడతారు. దానికి ఒక్కో తెలివీ నేర్పుతూ పోతే అదే పూర్తి కంప్యూటర్ అయి కూర్చుంటుంది. అప్పుడు దాని భారం తగ్గించడానికి మళ్ళీ ఇంకో చిన్నది పక్కన పెట్టాల్సి వస్తుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరు పునర్జన్మ చక్రం. వశిష్ఠ గారు చెప్పిన కమాండ్ ప్రాసెసర్ ఆ చక్రంలో ఒక జన్మే అనుకుంటాను.

వశిష్ఠ_గట్టు (ఆదివారం, ఉదయం 10:52)

అక్షరాలా నిజం మాస్టారూ. ఇప్పుడు ఆ కమాండ్ ప్రాసెసర్లో సొంత ఫర్మ్‌వేర్ నడుస్తోంది. ఎన్ని వస్తువులు గీయాలో జీపీయూయే లెక్కేసుకుని తన ఆదేశం తనే రాసుకునే ఇన్‌డైరెక్ట్ డ్రా కూడా వచ్చేసింది.

లంకవాసి (ఆదివారం, మధ్యాహ్నం 3:30)

మాస్టారూ, గళ్ళ కాగితం మీద నేనూ గీశానండి. (8,3) దగ్గరే ఆగింది.

అన్నా, ఇన్‌స్టాన్సింగ్ పెట్టాను. ముందు 6,200 చెట్లూ ఒకే మూటగా కట్టాను. వేగం పెరిగింది కానీ ఒక చిక్కు వచ్చింది. కెమెరా ఒక వీధి మీదే ఉన్నా, తెర మీద లేని అప్పనపల్లి వైపు చెట్లు కూడా జీపీయూకి వెళ్తున్నాయి. మూటలో ఒక్క చెట్టు కనిపించినా మూట మొత్తం పంపుతోంది. అందుకని మ్యాప్‌ని గళ్ళుగా కోసి 24 మూటలు చేశాను. ఇళ్ళని కూడా అలాగే. ఇప్పుడు కాల్స్ 390. ఫ్రేముకి 110 మిల్లీసెకన్లు పట్టేది, 41కి దిగింది. అంటే సెకనుకి 24 ఫ్రేములు. అమ్మ స్లైడర్ జరిపి చూసి "ఇప్పుడు నీళ్ళలా ఉంది" అంది.

మండపేట_ప్లేయర్ (ఆదివారం, మధ్యాహ్నం 3:48)

బ్రో, చెట్లు తగ్గించమని నేను ఇచ్చిన సలహా తప్పు. ఫ్రేములు తగ్గితే జీపీయూ అనే అనుకుంటాం మేమంతా. ఆ నాలుగో వంతు పరీక్ష నా ఫోన్‌లోనూ రెండు గేముల మీద చేశాను. ఒకదాంట్లో రిజల్యూషన్ తగ్గించినా ఏమీ మారలేదు. ఇన్నాళ్ళూ ఊరికే బొమ్మ మసకచేసుకుని ఆడుతున్నాను.

అత్తిలి_అమ్మాయి (ఆదివారం, సాయంత్రం 5:10)

390లో 300 పేర్లవే కదూ? వాటి సంగతి నేను చెప్తాను. నేను తెలుగు ఫాంట్లతోనే పనిచేస్తాను. పేర్లు ఎలా గీస్తున్నారు? ఒక్కో పేరుకీ ఒక కాన్వాస్ (బ్రౌజర్లో బొమ్మ గీసే పలక), దాన్నుంచి ఒక టెక్స్చర్, అంతేనా?

లంకవాసి (ఆదివారం, సాయంత్రం 5:22)

అంతేనండి. పైగా ఊరు మునిగితే పేరు ఎర్రగా మారాలి కదా, అందుకని ప్రతి ఫ్రేముకీ కాన్వాస్ మీద మళ్ళీ రాయిస్తున్నాను.

అత్తిలి_అమ్మాయి (ఆదివారం, సాయంత్రం 6:40)

అయ్యో, అక్కడే పోతోంది. ప్రతి ఫ్రేముకీ 300 చిన్న బొమ్మలు మళ్ళీ తయారుచేసి జీపీయూ మెమరీకి మోస్తున్నారు. రంగు ఒక్కటే మారుతుంటే అక్షరాలు మళ్ళీ రాయడం ఎందుకు? పేర్లు తెల్లరంగులో ఒకే ఒకసారి రాసి, అన్నీ ఒకే పెద్ద టెక్స్చర్లో సర్దండి. దాన్ని అట్లాస్ అంటారు. 2048 × 2048 చాలు, 16 మెగాబైట్లు అవుతుంది. ఏ పేరు ఎక్కడుందో నాలుగు అంకెలు, ఏ రంగో ఒక అంకె, ఇవే ఇన్‌స్టాన్సులుగా పంపండి. మొత్తం పేర్లకి ఒక్క కాల్.

ఇంగ్లీషు వాళ్ళ పాఠాల్లో అట్లాస్ అంటే అక్షరానికి ఒక గడి చేసి పక్కపక్కన పేరుస్తారు. తెలుగుకి ఆ దారి పనికిరాదు. మనకి గుణింతం, ఒత్తు కలిస్తే ఆకారమే మారిపోతుంది. దాన్ని షేపింగ్ అంటారు. బ్రౌజర్ కాన్వాస్ లోపల ఆ పని సరిగ్గానే చేస్తుంది కాబట్టి, అక్షరాలు కాకుండా పేరు మొత్తాన్ని ఒక ముక్కగా రాయించి సర్దుకోండి.

ఇంకో జాగ్రత్త. నేను మొదట్లో పేరు ఎత్తుని ఫాంట్ సైజుతో సమానంగా తీసుకున్నాను. "సఖినేటిపల్లి" కింద ల ఒత్తు తెగిపోయి "సఖినేటిపలి" అయింది. "పాశర్లపూడి" కాస్తా "పాశరపూడి" అయింది. తెగిన ఆ ముక్క కింద వరసలో ఉన్న పేరు నెత్తిన చిన్న గీతలా కనిపించేది. రెండు రోజులు అది స్క్రీన్ మీద మరక అనుకుని తుడిచాను. తెలుగుకి కింద జాగా ఎక్కువ వదలాలి. పేరుకీ పేరుకీ మధ్య కూడా ఖాళీ వదలండి. దూరం నుంచి చూసినప్పుడు మిప్‌మ్యాప్ చిన్న సైజు బొమ్మ తీసుకుంటుంది కదా, అప్పుడు పక్కపక్క పేర్లు ఒకదాంట్లోకి ఒకటి కారతాయి.

రాజమండ్రి_మాస్టారు (ఆదివారం, రాత్రి 7:30)

అమ్మా, మిప్‌మ్యాప్ పేరెత్తావు. లాన్స్ విలియమ్స్, 1983. ఒకే బొమ్మని సగం, సగంలో సగం అలా చిన్నవి చేసి ముందే దాచుకోవడం. దానికి అదనంగా పట్టే మెమరీ మూడో వంతే. ఒత్తు తెగిపోయిన సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. నువ్వు ఇక్కడ రాసినందుకు సంతోషం.

ఉప్పాడ_తీరం (సోమవారం, ఉదయం 7:05)

లంకవాసి గారూ, మీ కాలేజీలో ఈ ప్రాజెక్టుకి పేటెంటు వేయమని ఎవరైనా అన్నారా? నేను కాకినాడలో ఆ విషయాలే చూస్తాను. ఇలాంటి పిల్లలు డబ్బులు పోగొట్టుకోవడం చాలా చూశాను, అందుకే అడుగుతున్నాను.

లంకవాసి (సోమవారం, ఉదయం 7:40)

అన్నారు మేడమ్. ఇన్‌స్టాన్సింగ్‌తో వరద మ్యాప్ అని వేయమన్నారు. ఒకాయన ఫీజు కూడా చెప్పాడు. అప్పటినుంచి టెన్షన్‌గానే ఉంది.

ఉప్పాడ_తీరం (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఇప్పుడే కట్టకండి. మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్, వీటికి పేటెంటు రాదు. ప్రోగ్రామ్‌తో పాటు యంత్రం పనితీరులో నిజమైన సాంకేతిక మెరుగు ఉందని చూపించగలిగితే అది వేరే సంగతి. రింగ్ బఫర్ నుంచి ఆదేశాలు చదివే కొత్త హార్డ్‌వేర్ ఏర్పాటు కనిపెట్టారనుకోండి, మన రాష్ట్రం నుంచైతే చెన్నై ఆఫీసుకి పంపొచ్చు. ఉన్న సదుపాయాన్ని చక్కగా వాడుకోవడం మంచి ఇంజనీరింగ్, ఆవిష్కరణ కాదు. ఇంకొకటి, దరఖాస్తు కంటే ముందే అందరికీ చూపించేస్తే కొత్తదనం పోతుంది. ఎవరైనా నిజంగా కొత్తది కనిపెడితే ముందు ఇలాంటి చోట రాయకుండా దరఖాస్తు వేసుకోవాలి.

పేటెంటు అంటే గౌరవం ఒక్కటే కాదు, గేటు కూడా. ఎస్3టీసీ అనే టెక్స్చర్ కంప్రెషన్ ఉంది. 16 పిక్సెళ్ళ గడిని 64 బిట్లలో కుక్కుతుంది, అంటే మామూలు రంగు బొమ్మ ఆరో వంతు అవుతుంది. జీపీయూ బొమ్మ మొత్తాన్ని ముందే విప్పుకోదు, కావాల్సిన గడిని చదివేటప్పుడే విప్పుకుంటుంది. అంత ఉపయోగమైనది. కానీ లినక్స్‌లో వాడే ఉచిత డ్రైవర్ల ప్రాజెక్టు మెసా, 2017లో పేటెంటు గడువు తీరాకే దాన్ని తనలో కలుపుకుంది. బ్రెసెన్‌హామ్ గీతనీ, జెడ్-బఫర్‌నీ ఎవరికీ చెల్లించకుండానే ప్రపంచమంతా వాడుకుంది. మీ మ్యాప్ ఎవరికి చేరాలనుకుంటున్నారో చూసుకుని నిర్ణయించుకోండి.

లంకవాసి (సోమవారం, మధ్యాహ్నం 1:32)

లంకల్లో అందరికీ చేరాలి మేడమ్. పేటెంటు వద్దని గైడ్‌కి చెప్తాను. చాలా థాంక్స్ అండి.

లంకవాసి (మంగళవారం, రాత్రి 10:20)

పేర్లు అట్లాస్‌లోకి మార్చాను. కాల్స్ 91. ఫ్రేముకి 27 మిల్లీసెకన్లు. "పల్లి"లో ల ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కో ఊరూ జూమ్ చేసి చూశాను.

కానీ వేలితో ఇల్లు తాకితే ఎంత లోతు నీళ్ళో చూపిస్తాను కదా, అది పెట్టినప్పుడు మాత్రం మళ్ళీ 40 దాటుతోంది. ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు వేసి దాచిన బొమ్మలోంచి, వేలి కింద ఏ రంగుందో రీడ్‌పిక్సెల్స్‌తో చదువుతున్నాను. ఒక్క పిక్సెలే.

వశిష్ఠ_గట్టు (బుధవారం, ఉదయం 6:30)

ఒక్క పిక్సెల్ అయినా, లక్ష అయినా ఆగేది అంతే తమ్ముడూ. జీపీయూ పని సీపీయూకి కొంచెం వెనకగా నడుస్తుంటుంది. ఇది రాస్తూ పోతుంది, అది చేస్తూ వస్తుంది. "ఆ పిక్సెల్ రంగు ఇప్పుడే చెప్పు" అన్నావంటే, అప్పటిదాకా రాసిన ఆదేశాలన్నీ అది పూర్తి చేయాలి, ఈలోగా సీపీయూ చేతులు కట్టుకుని నిలబడాలి. జవాబు వచ్చాక సీపీయూ కొత్తవి రాసేదాకా జీపీయూ ఖాళీ. ఇద్దరూ వంతులేసుకుని ఊరికే కూర్చుంటున్నారు.

ప్రతి ఫ్రేముకీ అడగొద్దు, వేలు పెట్టినప్పుడే అడుగు. ఇంకా మంచిది, అడగనే వద్దు. 900 ఇళ్ళ కొలతలు నీ దగ్గరే ఉన్నాయి కదా. వేలి దిక్కున ఒక గీత వేసి ఏ ఇంటికి తగులుతుందో సీపీయూలోనే లెక్కెయ్.

ఇంకో అనుమానం. నీళ్ళలో చెట్ల నీడ పెట్టావు కదా. ఫ్రేము సగంలో ఆపి నీడ గీసి మళ్ళీ అసలు బొమ్మకి వస్తున్నావా? ఫోన్ జీపీయూలు ఎక్కువగా తెరని 16 × 16 లాంటి చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడినీ చిప్ లోపలి మెమరీలో పూర్తి చేసి ఒక్కసారి బయటికి పంపుతాయి. బయటి మెమరీకి తిరగడం తగ్గితే బ్యాటరీ మిగులుతుంది, అందుకు కనిపెట్టిన పద్ధతి అది. సగంలో వేరే బొమ్మకి వెళ్ళావంటే సగం గీసిన గళ్ళన్నీ బయట పెట్టి, తిరిగి వచ్చాక మళ్ళీ లోపలికి తెచ్చుకోవాలి. నీడ మొత్తం ముందే గీసేసి, తర్వాత అసలు బొమ్మ మొదలుపెట్టు. నేల, ఇళ్ళు ముందు. కొబ్బరి మట్టలు తర్వాత. నీళ్ళు ఆఖరున.

మండపేట_ప్లేయర్ (బుధవారం, ఉదయం 9:10)

అన్నా, మరి జీపీయూకి ఆదేశాలిచ్చే కొత్త పద్ధతి వల్కన్ ఉంది కదా, అది వాడితే ఇవన్నీ తప్పుతాయా?

వశిష్ఠ_గట్టు (బుధవారం, రాత్రి 9:45)

కొన్ని తప్పుతాయి, కొన్ని మన నెత్తికొస్తాయి. 2013లో ఏఎండీ మాంటిల్ తెచ్చింది. 2014లో ఆపిల్ మెటల్, 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, 2016 ఫిబ్రవరిలో వల్కన్ వచ్చాయి. అన్నిటి ఆలోచనా ఒకటే. డ్రైవర్ ప్రతి కాల్‌కీ చేసే తనిఖీలని ముందే ఒకసారి చేసి పెట్టుకోవడం, ఆదేశాల జాబితాల్ని నాలుగైదు కోర్లు ఒకేసారి రాసి చివర్లో కలిపి అందించడం. పాత పద్ధతిలో ఆ రాత పని దాదాపు ఒక్క కోరు మీదే పడేది. కానీ ఎప్పుడు ఎవరు ఎవరి కోసం ఆగాలో మనమే రాయాలి. లంకవాసి పనికి అంత అక్కర్లేదు. 91 కాల్స్‌కి వెబ్‌జీఎల్ చాలు.

ఉండి_చెరువులు (గురువారం, తెల్లవారుజామున 4:25)

నేను రొయ్యల రైతుని. కోడింగ్ సొంతంగా నేర్చుకున్నాను. ఇది చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. మా చెరువుల్లో ఆక్సిజన్ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది, అందుకే ఈ టైములో మేలుకునే ఉంటాం. 24 చెరువుల అంకెలు ఒక టాబ్లెట్‌లో చూస్తాను. మొదట్లో సెకనుకొకసారి తెర మొత్తం మళ్ళీ గీయించేవాణ్ణి. టాబ్లెట్ చేతిలో కాలేది, మూడింటికల్లా బ్యాటరీ అయిపోయేది. సరిగ్గా ఏరేటర్లు చూసుకోవాల్సిన టైముకి తెర నల్లగా ఉండేది. తర్వాత అంకె మారిన గడి ఒక్కటే గీయించడం మొదలుపెట్టాను. మారకపోతే ఏమీ గీయదు. ఇప్పుడు తెల్లారేదాకా వస్తోంది.

వరద రాత్రి మీ లంకల్లో కరెంటు ఉండదు కదండీ. మీ మ్యాప్ ఎవరూ ముట్టుకోనప్పుడు కూడా సెకనుకి అన్నిసార్లు గీస్తూనే ఉంటుందా?

లంకవాసి (గురువారం, ఉదయం 6:15)

గీస్తూనే ఉంటుందండి. నేను అసలు ఆలోచించలేదు. ఇన్ని రోజులు 60 ఫ్రేముల వెనకే పడ్డాను.

వశిష్ఠ_గట్టు (గురువారం, ఉదయం 7:00)

ఉండి గారూ, పన్నెండేళ్ళ అనుభవంతో నేను చెప్పాల్సిన మాట మీరు చెప్పారు. తమ్ముడూ, ఇది వెంటనే చెయ్. స్లైడర్ గానీ కెమెరా గానీ కదిలినప్పుడే గీయించు. కదులుతున్నప్పుడు కూడా 30 ఫ్రేములకి కట్టెయ్. నీళ్ళ అలల కదలిక తీసెయ్, అందం తగ్గినా పర్లేదు. పేజీని ఫోన్‌లో దాచుకుని నెట్ లేకపోయినా తెరుచుకునేలా చెయ్.

లంకవాసి (శనివారం, రాత్రి 8:50)

వారం అయిందండి. అందరికీ వివరం చెప్పాలి.

రీడ్‌పిక్సెల్స్ తీసేశాను. నీడ ముందుకి జరిపాను. ఫ్రేముకి 18 మిల్లీసెకన్లు పడుతోంది, కానీ 30కే కట్టేశాను. ఎవరూ ముట్టుకోకపోతే ఒక్క ఆదేశం కూడా వెళ్ళదు. అమ్మ ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టి గంట చూశాను, ఫోన్ వెచ్చబడలేదు. ఫ్లైట్ మోడ్‌లో కూడా తెరుచుకుంటోంది.

ఇవాళ మా పెదనాన్నకి చూపించాను. ఆయనది ఇంకా పాత ఫోన్. స్లైడర్ మెల్లగా 10 నుంచి 17 దాకా జరిపారు. మా తోట గుర్తుపట్టారు, చెట్ల వరస లెక్కపెట్టారు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ 13 దగ్గరికి తెచ్చి, మా వీధి మీద వేలు పెట్టి అన్నారు: "నీళ్ళు ఇటు గోదారి గట్టు మీంచి రావురా. గట్టు దాటడానికి చాలాముందే డ్రెయిన్ ఎగదన్ని వెనకవైపు నుంచి వస్తాయి. ఎనభయ్యారులోనూ అంతే, మొన్నా అంతే. మనవాళ్ళందరూ గట్టు వైపు చూస్తూ కూర్చుంటారు."

నా మ్యాప్‌లో నీళ్ళు ఎత్తుని బట్టి ఏటి వైపు నుంచే పెరుగుతున్నాయి. డ్రెయిన్లు నేను పెట్టనే లేదు. ఏ డ్రెయిన్ ఏ మట్టం దగ్గర ఎగదన్నుతుందో ఎలా తెలుసుకోవాలి? ఎవరికైనా తెలుసా అండి?

రాజమండ్రి_మాస్టారు (శనివారం, రాత్రి 9:35)

డ్రెయిన్ ఏట్లో కలిసేచోట స్లూయిస్ ఉంటుంది బాబూ. ఏటి మట్టం పెరిగితే తలుపులు దించేస్తారు, అప్పటినుంచి లోపలి వాననీరు బయటికి పోదు. తలుపు ఎప్పుడు దించారో అక్కడ పనిచేసిన లస్కర్‌కి నోటికి తెలిసి ఉంటుంది. స్లూయిస్ గోడ మీద గేజి అంకెలు కూడా పెయింటుతో రాసి ఉంటాయి. మీ పెదనాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్ళు, ఆయన ఎదురుగా ఉంటే వాళ్ళు బాగా మాట్లాడతారు.

లంకవాసి (శనివారం, రాత్రి 9:44)

రేపు ఉదయం సైకిల్ మీద వెళ్తామండి. మా ఊరి వెనక రెండు స్లూయిస్‌లు ఉన్నాయి.